శనివారం, పది నుంచి ఒంటిగంట

భీమిలి రోడ్డు మీద ఆటో ఆపి
ఎవర్ని అడిగినా చెప్తారు:
"సేపపిల్లల ఆఫీసా? సరుగుడు తోట దాటాక, నీలం గేటు."
శనివారం శనివారం ఆ గేటు తెరిచేది నేనే.
మిగతా ఆరు రోజులూ తొట్లు కడుగుతాను.

అందరికీ ఒకటే చెప్తాను.
ఇవి పండుగప్పలు.
గుడ్డు ఆవగింజలో సగం ఉండదు, ఉప్పునీటి మీద తేలుతుంది.
రాత్రి పెట్టిన గుడ్డు మర్నాడు మధ్యాహ్నానికి
ఒక నూనెబొట్టుని మోసుకుంటూ ఈదే వెంట్రుక.
మూడో రోజుకి ఆకలి పుడుతుంది.
అక్కణ్ణించి మా బతుకు దాని నోటి కొలత.

పెద్దది చిన్నదాన్ని మింగేస్తుంది గనక
మూడు రోజులకోసారి జల్లెడ పడతాం,
అన్నదమ్ముల్ని సైజువారీగా విడదీస్తాం.
ఇక్కడ టీచర్లెవరో ఒకసారి దగ్గుతారు.

"కేజీ ఎంత?" అని అడగని శనివారం లేదు.
కంచరపాలెం నుంచి వచ్చిన ఒకాయన
తొట్టి ముందే నిలబడి భార్యకి పులుసు వివరించాడు,
చింతపండు ఎంత, వెల్లుల్లి ఎంత.
చేపలు విన్నాయో లేదో,
గాలి గొట్టం మాత్రం బుడబుడమంటూనే ఉంది.

ఈ ఒక్క మాటకి మాత్రం అందరూ ఆగుతారు:
పండుగప్ప పుట్టడం మగదిగానే పుడుతుంది.
నాలుగైదేళ్ళు అలా తిరిగి, బరువెక్కాక,
ఓ ఏడు ఆడదవుతుంది.
ఆ పెద్ద తొట్లో తల్లులన్నీ ఒకప్పటి తండ్రులే.
కాలేజీ పిల్లలు ఒకళ్ళనొకళ్ళు గిల్లుకుంటారు.
నిక్కరు కుర్రాడొకడు అడిగాడు, "నొప్పెడుతుందా మేడం?"
నా నోట్సులో దానికి జవాబు లేదు.

చోడిపల్లి ఎర్రయ్య పెదజాలారిపేట నుంచి ఒక్కడే వచ్చాడు,
ఇస్త్రీ చొక్కా వేసుకుని, ఆస్పత్రికి వచ్చినట్టు.
గుంపు వెనకాల నిలబడ్డాడు.
మేత పొట్లం పది రూపాయలు. కొనలేదు.
అందరూ వెళ్ళాక అడిగాడు:
"ఈటికి ఆటుపోట్లు తెలుస్తాయా అమ్మా?"
పొద్దున ఆరుకీ సాయంత్రం ఆరుకీ
పంపు నీళ్ళు మారుస్తుందన్నాను.
"అద్గదీ. మోటారు సెంద్రుడన్నమాట," అన్నాడు, నవ్వకుండా.

నలభై యేళ్ళు తెప్ప మీద.
ఎన్ని పండుగప్పల్ని లాగాడో,
ఇంత చిన్నగా ఉండగా ఒక్కదాన్నీ చూళ్ళేదట.
"నాకు తెలిసినకాడికి సేపంటే పెద్దదే.
వల కన్నులోంచి జారిపోయినయ్యి
ఎవుడు లెక్కెడతాడు?"

గోడ మీద బోర్డుంది: నీళ్ళలో చేతులు పెట్టరాదు.
చదివినవాళ్ళంతా పెడతారు, నేను విజిలేస్తాను.
చదువు రాని ఎర్రయ్య
రెండు చేతులూ వెనక్కి కట్టుకుని
మూడు శనివారాలు నిలబడ్డాడు.
నాలుగో వారం అడిగాడు.

మోచేతుల దాకా కడిగించాను, సబ్బు లేకుండా.
తాళ్ళు కోసిన గాట్లతో అరచెయ్యి
నీళ్ళలోకి దిగింది.
పిల్లలు ముందు చెదిరాయి.
తర్వాత ఒక్కొక్కటే వచ్చి
ఆ గాట్లలో మూతులు పెట్టి వెతికాయి.
చక్కిలిగిలి అనుకుంటా, భుజం ఒకసారి ఎగిరింది.
నేను విజిల్ జేబులో వేసుకుని
అవతలి తొట్టిలో ఉప్పు కొలవడానికి వెళ్ళాను.
పొద్దున్నే కొలిచేసిన ఉప్పు.

మొన్న పిల్లల్ని సంద్రంలో వదిలేటప్పుడు
ఆక్సిజన్ సంచులు ఎర్రయ్య మేనల్లుడి పడవలోనే ఎక్కించాం.
సంచి మూతి విప్పుతూ అడిగాడు:
"రేప్పొద్దున నా వల్లో పడితే, గుర్తెడతాయా నన్ను?"
లేదన్నాను.
"అదే మంచిది," అని సంచి వంచాడు.

మళ్ళీ శనివారం. ఎర్రయ్య రాలేదు.
బోర్డుకి రంగు వెయ్యమని సారు చెప్పి నెలైంది.
ఉప్పుగాలికి చివరి మాట పెచ్చులూడి
నీళ్ళలో చేతులు
అని మిగిలింది.
రంగు డబ్బా కొన్నాను.
ఇంకా మూత తియ్యలేదు.